తేనెరంగు కిటికీ

బోస్టన్ నార్త్ స్టేషన్‌లో రాక్‌పోర్ట్ వెళ్లే రైలెక్కి, చేపల రేవుకు పేరుపడ్డ గ్లాస్టర్‌లో దిగాం, మా అమ్మాయీ నేనూ. అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుని రేవు చుట్టూ తిరిగి ఈస్టర్న్ పాయింట్ చేరాం. సముద్రం అంచున రాళ్ల మీద బోపోర్ట్ కనిపించింది. ఏటవాలు కప్పులు, పొగగొట్టాలు, ఓ గుండ్రటి బురుజు.

ఇది హెన్రీ డేవిస్ స్లీపర్ ఇల్లు. ఇంటి లోపలి అలంకరణనే వృత్తిగా చేసుకున్న తొలితరం అమెరికన్లలో ఆయనొకరు. 1907లో స్థానిక వాస్తుశిల్పి హాల్ఫ్‌డన్ హాన్సన్‌తో కట్టించడం మొదలుపెట్టి, 1934లో కన్నుమూసేదాకా గదికి గది కలుపుతూనే ఉన్నారు. గదులు నలభై దాటాయి. సినీతార జోన్ క్రాఫోర్డ్ వంటివారు కూడా ఆయన చేత ఇళ్లు తీర్చిదిద్దించుకున్నారు.

మిగతా సందర్శకులతో కలిసి లోపలికి వెళ్లాక, నా మనసు మాత్రం చెక్క పలకల దగ్గర ఆగిపోయింది. పొరుగున ఎసెక్స్‌లో పాడుబడ్డ కాగ్స్‌వెల్ వారి ఇంటి గోడపలకలు కొని తెచ్చి, ఇక్కడి గోడలకు బిగించారాయన. మా అమ్మమ్మగారి మండువా ఇల్లు విప్పేసిన రోజు గుర్తొచ్చింది. లతలు చెక్కిన సింహద్వారం కలప అడితీకి వెళ్లిపోయింది. చిన్నప్పుడు ఆ లతల్లో వేళ్లు పెట్టి ఆడుకునేదాన్ని. దాన్ని ఏ గోడకైనా ఆనించి ఉంచుకోవాలని మాకెవరికీ తోచలేదు.

ఎనిమిది మూలల గదికి వంకాయరంగు గోడలు. అంత ముదురు రంగు గదిని మింగేస్తుందనే అనుకుంటాం. కానీ వాటి ముందు ఎర్రరంగు పూసిన పాత రేకు సామాను పెట్టేసరికి, ఆ ఎరుపు నిప్పుకణికలా మండుతోంది. ముందు వస్తువును చూసి, దానికోసం గదిని కట్టుకున్న మనిషి ఆయన.

స్లీపర్ తర్వాత ఇల్లు కొన్న హెలెనా వూల్‌వర్త్ మెక్‌కాన్ కొన్ని గదులు మార్చినా, చాలావరకు ఉన్నది ఉన్నట్టే కాపాడారు. ఆమె పిల్లలు 1942లో దీన్ని పాత కట్టడాలను కాపాడే ఒక సంస్థకు అప్పగించారు. ఆ తల్లీపిల్లలకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

నడవలో ఒక కిటికీ నిండా తేనెరంగు గాజు. సీసాలు, కూజాలు, పళ్లేలు నూటికి పైనే ఉన్నాయి, వెనకనుంచి వెలుతురు పడేలా వరసగా పేర్చారు. దగ్గరికెళ్లి చూస్తే ఒక సీసా మెడలో చిన్న గాలిబుడగ చిక్కుకుని ఉంది.

"అమ్మా, అందరూ వెళ్లిపోతున్నారు," అంది అమ్మాయి.

బయట మబ్బు కమ్మినట్టుంది. గాజంతా ఒక్కసారి బెల్లంపాకం రంగుకు దిగి, మళ్లీ నెమ్మదిగా వెలిగింది.

"ఉండవే," అన్నాను.