నాలుగు సీసాలు, ఒకటే మడ్డి

చినతిరుపతి వెంకన్న కల్యాణప్రియుడు. గర్భగుడిలో రెండు మూర్తులు కొలువై ఉన్నాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు, వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో మరోసారి, ఆయనకు కల్యాణోత్సవాలు చేస్తారు. స్వామే అలా ఉంటే భక్తులు ఊరుకుంటారా? ముహూర్తాల రోజుల్లో ద్వారకా తిరుమల కొండ మీద ఒక పెళ్లి సన్నాయి ఇంకో పెళ్లి సన్నాయికి అడ్డం పడుతుంటుంది. తాళి కట్టించి, దర్శనం చేసుకుని, పులిహోర పొట్లాలతో కొండ దిగిన మగపెళ్లివారిలో ఒక వర్గం మాత్రం ఊరికే గడియారం చూసుకుంటూ ఉంటుంది. వాళ్ల అసలు ముహూర్తం రాత్రి ఎనిమిదికి. తాడేపల్లిగూడెంలో ఎవరి మేడ మీదో, ఏలూరు దాటాక ఏ చేపల చెరువు గట్టు మీదో.

ఆ సిట్టింగుకి ఇదివరకు పెద్ద తతంగం ఉండేది కాదు. ఫుల్ బాటిళ్లు, సోడాలు, వాటర్ ప్యాకెట్లు, మంచింగుకి కొరమేను వేపుడు. పెగ్గు కలపడానికి ఒక పెద్దమనిషి ఉండేవాడు. ప్రతి బంధువర్గంలోనూ ఒకడుంటాడు, తాను తక్కువ తాగి అందరికీ కొలిచి పోసే ధర్మరాజు. ఇప్పుడా పదవికి పోటీ వచ్చింది. డల్లాస్ నుంచి దిగిన మా మేనల్లుడు ఫోన్లో వీడియో చూపించాడు. పొడవాటి గ్లాసు, అడుగున ఎరుపు, మధ్యలో పసుపు, పైన నీలం. "ఇందులో నాలుగైదు రకాల మందు పడుద్ది మావయ్యా. ఒక్క గ్లాసు చాలు, ఎంతటోడైనా ఫ్లాట్!"

రంగుల వరకు నేను వాడి పక్షమే. పేచీ అంతా ఆ ఫ్లాట్ దగ్గర.

కలగలుపు మందుల్లో జగత్ప్రసిద్ధమైనది లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో, ఓక్ బీచ్ ఇన్ అనే చోట పనిచేసిన రాబర్ట్ బట్ అనే బార్‌టెండర్, 1972లో దాన్ని తానే కనిపెట్టానని చెప్పుకున్నాడు. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం రాసిపెట్టిన కొలత ఇదీ: వోడ్కా, జిన్, తెల్ల రమ్, టెకీలా, నారింజ తొక్కల వాసనుండే కాన్‌త్రో తలా 15 మిల్లీలీటర్లు, నిమ్మరసం 30, పంచదార పాకం 20, ఆపైన కోలా. ఒక్క టీ ఆకు ఉండదు. రంగు మాత్రం అచ్చం టీ రంగే. ఇంట్లో పెద్దవాళ్ల కళ్లు కప్పడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చేయలేదు.

లెక్క వేద్దాం. అయిదు పదిహేనులు డెబ్బయి అయిదు. మన పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు కాబట్టి ఇది పెగ్గుంపావు. అందులో అసలు ఆల్కహాల్ 30 మిల్లీలీటర్ల పైచిలుకు. 5 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల బీరు సీసా మొత్తం ఖాళీ చేసినా ఒంట్లోకి పోయేది దాదాపు అంతే. కాకపోతే బీరు తాగేసరికి గంట గడుస్తుంది, పొట్టా నిండుతుంది. ఈ టీ చల్లగా, తియ్యగా పది నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని కడతేర్చడానికి కాలేయానికి దాదాపు మూడు గంటలు కావాలి. ఈలోపు ఇంకో రెండు గ్లాసులు దిగాయంటే ఇక వరండాలో చాపలు పరవాల్సిందే. ఈ మాత్రానికి విద్య ఎందుకు? నాటుసారా కాసేవాడు ఆ పని షేకరు లేకుండానే చేస్తున్నాడు.

మన తాటిచెట్టుకి ఆ యావ లేదు. పొద్దున్నే దింపిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. ఎంత పులిసినా ఆల్కహాల్ అయిదారు శాతం దగ్గరే తచ్చాడుతుంది. కుండలో సున్నం రాస్తే అసలు పులవకుండా నీరాగానే ఉండిపోతుంది. అలాంటి సాధువైన సరుకు మీద ప్రభుత్వమే పడిపోయింది మరి! ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడే, 1954 నవంబరులో, మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలింది. గీత కార్మికుల పక్షాన నిలబడినవారు గౌతు లచ్చన్నగారు. మనవాళ్ల రాజకీయాన్ని మందు లేకుండా చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ తర్వాత నేను చెప్పిన సంగతికి మా వాడి ముఖం చిన్నబోయింది. నాలుగు రకాలు, నాలుగు రకాలు అంటాం గాని, మన షాపుల్లో మామూలు ధరకి దొరికే విస్కీ, బ్రాందీ, రమ్, వోడ్కా, జిన్‌లలో చాలావాటి పుట్టిల్లు ఒకటే. చక్కెర మిల్లులో పంచదార తీసేశాక మిగిలే నల్లటి మడ్డి ఉంటుంది చూడండి, మొలాసిస్, దాన్ని పులియబెట్టి, బట్టీ పట్టి, 96 శాతం దాకా తెస్తారు. తణుకు వైపు తిరిగినవాళ్లకి ఆ మడ్డి కొత్త కాదు. ధాన్యం నుంచి తీసేదీ ఉంది. ఎలా తీసినా రుచి, రంగు, వాసన లేని ఆ ద్రవం పేరు ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్. నీళ్లతో దాన్ని 42.8 శాతానికి దించి, మాడ్చిన పంచదార రంగు, కాస్త మాల్ట్ స్పిరిట్ కలిపితే విస్కీ. ద్రాక్ష స్పిరిట్, వాసన కలిపితే బ్రాందీ. ఏమీ కలపకపోతే వోడ్కా. (ఈ 42.8 కూడా తెల్లదొరల పాత లెక్క. వాళ్ల కొలతలో 75 డిగ్రీల ప్రూఫ్. దొరలు పోయారు, డిగ్రీలు మిగిలాయి.) మరి ఆ నాలుగు సీసాలూ ఒకే గ్లాసులో వంచడమంటే, పంపకాలై వేరుపడ్డ అన్నదమ్ముల్ని మళ్లీ ఒకే గదిలో కూర్చోబెట్టడమే. ఖర్చు నాలుగింతలు, రుచి ఒకింత. వాళ్లలో నిజంగా పరాయి ఇంటివాడు టెకీలా ఒక్కడే, మెక్సికోలో కిత్తలి జాతి మొక్క దుంపలోంచి వచ్చినవాడు.

అందుకని నా మాట: తెల్ల మందు ఒక్కటి చాలు. వోడ్కానో, జిన్నో. తెలివితేటలన్నీ రంగు మీద పెట్టండి.

నీలానికి బజారు సిరప్పులెందుకు? దడి మీద శంఖుపూలు ఉన్నాయి. పొద్దున పూజకు కోసినవి పోగా మిగిలిన గుప్పెడు పూలు, తొడిమలు తీసేసి, వోడ్కాలో గంటసేపు నానబెడితే ఇంకులాంటి నీలం దిగుతుంది. నిమ్మరసం చుక్క తగిలిందా, కళ్లముందే ఊదా రంగుకి తిరుగుతుంది. ఇంకా పిండితే గులాబీ. ఆ రేకుల్లోని ఆంథోసయనిన్‌కి పులుపు తగిలితే అలా రంగు మారుతుంది. విదేశాల్లో రంగులు మారే జిన్ అని ఖరీదుకు అమ్మేవాటిలోనూ ఈ పువ్వే వాడతారు.

పొరలు నిలవడంలో మాయ లేదు, అంతా బరువు లెక్క. పాకం నీటికన్నా బరువు, మందు నీటికన్నా తేలిక. ముందు గ్లాసు అడుగున చిక్కటి దానిమ్మ పాకం రెండు చెంచాలు. గ్లాసు నిండా పెద్ద ఐసు ముక్కలు. ఐసు పొడి చేసి వేస్తే అయిదు నిమిషాల్లో అంతా నీళ్లే. తర్వాత నిమ్మరసం కలిపిన బత్తాయి రసం మెల్లగా పొయ్యాలి. చివర్న, చెంచా బోర్లించి దాని వీపు మీంచి, నీలం వోడ్కా 45 మిల్లీలీటర్లు, సన్నటి ధారగా. నీలం పోయి పసుపుకి తగిలిన చోట ఊదా గీత ఒకటి దానంతటదే పుడుతుంది. వీడియోలో అది లేదు. మా వాడు ఫోను తీసింది అప్పుడే. కోలా బదులు గోదావరి అవతలి సరుకు కావాలనుకుంటే రామచంద్రపురం ఆర్టోస్ ఉంది, 1919 నుంచి తాగుతున్నాం. దాని ద్రాక్ష రంగు కిందా మీదా కలిపేస్తుంది కాబట్టి పొరల గ్లాసులో వద్దు, విడిగా పోసుకోండి.

నిమ్మకాయ దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. మెట్ట తోటల కాయలు ఏలూరు నిమ్మ మార్కెట్‌కి చేరి, అక్కణ్నుంచి రాష్ట్రాలు దాటి పోతుంటే, మనం సీసాలో రసం కొనడం అన్యాయం. పల్చటి తొక్క, చేతిలో బరువు ఉన్న కాయ తీసుకోవాలి. పార్టీకి ముందే పిండాలి గాని పొద్దున్నే పిండిపెట్టకూడదు, చేదు తిరుగుతుంది. సగం కాయని పీల్చిపిప్పి చేసేదాకా నొక్కితే తొక్క నూనె దిగి ఇంకా చేదు. గ్లాసు అంచుకి ఉప్పు, కాస్త కారం అద్దితే, మామిడికాయ ముక్కలు తిన్న ప్రాణాలు కాబట్టి ఎవరూ కాదనరు.

ఇదే గ్లాసు మందు లేకుండానూ కలపొచ్చు. పూలు వేడినీళ్లలో నానబెట్టి చల్లార్చితే సరి. నీటికన్నా తేలిక కాకపోయినా పాకం మీదా రసం మీదా బాగానే నిలుస్తుంది. కారు నడిపే అబ్బాయికి అదే ఇవ్వాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ఊరుకోదు, ఆ రాత్రి జంగారెడ్డిగూడెం రోడ్డు అంతకన్నా ఊరుకోదు. మా మేడ మీద ఈ మందు లేని గ్లాసులు ఆడవాళ్ల గదిలోకి ట్రేలు ట్రేలుగా వెళ్లాయి. కింద వంటల దగ్గర్నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి. శంఖుపూలు అయిపోతే మా అత్తయ్య పక్కింటి దడి మీద పడింది.

డల్లాస్ నుంచి తెచ్చిన టెకీలా సీసా ఇంకా మా వాడి సూట్‌కేసులోనే ఉంది. దానికి ఉప్పు, నిమ్మ, నారింజ లిక్కరు చాలు, మార్గరీటా అవుతుంది. కాని వాడి చెల్లెలి పెళ్లి ముహూర్తం ఆశ్వయుజంలో, మళ్లీ కొండ మీదే. అప్పటిదాకా సీసా తియ్యనని వాళ్లమ్మ దగ్గర ఒట్టు పెట్టాడు.