రెండో సంతకం

అమెరికాలో నేషనల్ పార్కులన్నిటికీ పనికొచ్చే సంవత్సరం పాస్ ఒకటుంది. నేను కొన్నన్నాళ్లూ 80 డాలర్లే. క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్ ముక్క, వెనకవైపు సంతకాలకి అప్పట్లో రెండు గీతలుండేవి. అంటే ఒక పాస్‌ని ఇద్దరు పంచుకునే వీలుండేదన్నమాట. ఆ ఇద్దరూ చుట్టాలు కానక్కర్లేదు. 2016లో కొన్న మొదటి పాస్ మీద నా సంతకం, నా రూమ్మేట్ సంతకం ఉన్నాయి. ఆ తర్వాత కొన్నవాటన్నిటిమీదా రెండో గీత ఖాళీ.

ఆ ఏడాది మే నెలలో లాంగ్ వీకెండ్‌కి డాలస్ నుంచి గ్రాండ్ కేన్యన్ బయల్దేరాం. వెయ్యి మైళ్ల పైచిలుకు దారి. అమరిల్లో దాకా వాడు, అక్కణ్ణించి నేను డ్రైవింగ్. ఇద్దరం ఎమ్మెస్‌లో ఒకే గది, ఒకే రైస్ కుక్కర్. ఉద్యోగాలొచ్చిన తొలి ఏళ్లు. ప్రతి సంవత్సరం ఒక పార్కు చూడాలని, మ్యాపు మీద పిన్నులు గుచ్చాలని దారంతా ప్లాన్లే.

ఆ ప్రయాణం కథ పాట్‌లక్కుల్లో, ఆఫీసు లంచుల్లో నేను చాలాసార్లు చెప్పాను. ఇలా ఉంటుంది ఆ కథ: పొద్దున ఏడింటికి బ్రైట్ ఏంజిల్ ట్రెయిల్ దిగడం మొదలుపెట్టాం. మైలున్నర దగ్గర మొదటి విశ్రాంతి గది వస్తుంది. అక్కడికొచ్చేసరికి వాడి మోకాలు పట్టేసింది. "నువ్వు వెళ్లిరా, నేనిక్కడ కూర్చుంటా" అన్నాడు. నేను దిగుతూనే పోయాను. మూడు మైళ్ల దగ్గర ఇంకో గది, నాలుగున్నర దగ్గర చెట్లూ నీళ్లూ ఉన్న హవసుపాయ్ గార్డెన్స్ (అప్పటికింకా ఆ పేరు పెట్టలేదు), ఆ పైన ప్లాటో పాయింట్. అక్కడ అంచున నిలబడితే కింద కొలరాడో నది. రానూ పోనూ 12 మైళ్లు, ఒక్క రోజులో! ఇక్కడ అందరూ "వావ్" అంటారు. నేను ఫోన్లో ఫొటో తీసి చూపిస్తాను.

అన్నీ నిజాలే. వదిలేసినవే ఎక్కువ.

కొండ ఎక్కేవాడికి ముందు కష్టం, తర్వాత సుఖం. అలిసిపోతే వెనక్కి దిగొచ్చు. ఈ లోయలో అంతా తిరకాసు. దిగేటప్పుడు చల్లటి పొద్దు, ఏటవాలు దారి, ఎవడైనా వీరుడే. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. ఎక్కాల్సిన సమయానికి నడినెత్తిన ఎండ, కాళ్లలో సత్తువుండదు. దిగడానికి పట్టిన టైముకి రెట్టింపు ఎక్కడానికి పెట్టుకోమని పార్కువాళ్లు ముందే చెప్తారు. ఎర్రగా కందిపోయి, నేలమీద కూలబడి వాంతి చేసుకుంటున్న కుర్రాడి బొమ్మతో హెచ్చరిక బోర్డు కూడా ఉంటుంది. దాని పక్కన నిలబడి మేమిద్దరం నవ్వుతూ సెల్ఫీ దిగాం.

తిరిగొచ్చేటప్పుడు మూడు మైళ్ల గది కింద ఆ బొమ్మలో కుర్రాణ్ణి నేనే. గార్డెన్స్‌లో నీళ్లు నింపుకున్నాను, తాగుతూనే ఉన్నాను, తిన్నదేమీ లేదు. ఒంట్లోంచి చెమటతోపాటు ఉప్పంతా పోతుంటే ఉత్త నీళ్లు తాగడం కూడా ప్రమాదమేనని అప్పటికి నాకు తెలీదు. చేగోడీల పొట్లం వాడి బ్యాగులోనే ఉండిపోయింది. దారిలో నిలబడి అందర్నీ "నీళ్లున్నాయా, ఏమైనా తిన్నారా" అని అడిగే వాలంటీర్లు ఉంటారు. దిగేటప్పుడు వాళ్లలో ఒకావిడతో "అంతా సూపర్" అని అబద్ధం చెప్పి పోయాను. ఆవిడే ఇప్పుడు నన్ను నీడలో కూర్చోబెట్టి, చొక్కా తడిపి, ఉప్పు బిస్కెట్లు ఒక్కొక్కటే తినిపించింది. గంటసేపు. నా కథలో ఆవిడ లేదు.

పైకొచ్చేసరికి నాలుగు దాటింది. వాడు ట్రెయిల్ మొదట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చావా" అన్నాడు. అంతే. గొడవేమీ పడలేదు. తర్వాతి ఏడాది ప్రాజెక్టు రిలీజ్ అన్నాడు, ఆ తర్వాత పెళ్లి, ఆ తర్వాత పాప. ఉద్యోగం మారి నార్త్ కరొలైనా వెళ్లిపోయాడు. పుట్టినరోజులకి వాట్సాప్‌లో కేకు బొమ్మలు మిగిలాయి.

నేను మాత్రం ఏటా వెళ్తూనే ఉన్నాను. జయన్, యోసెమిటీ, 2020 ఒక్కటి వదిలేస్తే మళ్లీ బిగ్ బెండ్. వాటి వర్ణనలు మీరు బోలెడు చదివుంటారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక సంగతి మాత్రం చెప్పాలి. జయన్‌లో ఏంజిల్స్ లాండింగ్‌కి ముందు, గొలుసులు పట్టుకుని నడవాల్సిన రాతిగట్టు మొదలయ్యేచోట, నేను వెనక్కి తిరిగాను. భయమేసింది కాబట్టే తిరిగాను, జ్ఞానోదయం ఏం కాదు. దిగొస్తూ సిగ్గుపడ్డాను కూడా. కానీ ఆ రాత్రి మోటెల్లో డైరీ రాస్తుంటే, ఎక్కడ నీడ ఉంది, ఎన్ని లీటర్లు తాగాను, ఏ గంటకి తిరిగాను అన్నవి రాయాలనిపించింది. అప్పటిదాకా నా డైరీల్లో సూర్యాస్తమయాలే.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు దారి పొడుగునా రాసుకున్నది చూడండి: ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ సామాన్లు దొరుకుతాయి. కాలేజీ రోజుల్లో 'కాశీయాత్ర చరిత్ర' చదివి విసుక్కున్నాను, ఈయనకి మనసనేదే లేదా అని. వెంట పెద్ద పరివారం ఉన్న మనిషి ఆయన. నీళ్ల గురించి రాయడం వాళ్లందరి గురించీ రాయడమేనని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఇప్పటి మన ట్రావెలాగుల్లో, నావాటితో కలిపి, పక్కనున్న మనిషికి దాహమేసిందో లేదో తెలీదు.

2023లో నాయన వచ్చాడు. జమ్మలమడుగు మనిషి, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. అమ్మ చెల్లెలి కాన్పు కోసం హైదరాబాదులోనే ఆగిపోయింది. మళ్లీ మే, మళ్లీ అదే హైవే. క్రూజ్ కంట్రోల్ చూసి "ఇంగ డ్రైవరు ఏంటికి రా?" అన్నాడు. లోయ అంచున చాలాసేపు ఊరకే నిలబడి, "మన గండికోటే. కాకపోతే బో పెద్దది" అని తేల్చేశాడు.

ఆయన మోకాళ్ల సంగతి తెలుసు కాబట్టి అంచు వెంబడే చదునుగా ఉండే 'ట్రెయిల్ ఆఫ్ టైమ్' మీద నడిచాం. ఒక్కో మీటరూ పది లక్షల ఏళ్లు. నేలలో లోహపు బిళ్లలు, పక్కన లోయలోంచి తెచ్చి నిలబెట్టిన రాళ్లు. నాయన ప్రతి రాయినీ అరచేత్తో తట్టి చూశాడు. 170 కోట్ల ఏళ్ల నాటి రాయి పేరు 'విష్ణు షిస్ట్' అని చదివి వినిపిస్తే నమ్మలేదు. లోయలో శిఖరాలకి విష్ణు, శివ, బ్రహ్మ అని పేర్లున్నాయనీ, 1880ల్లో డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి మన పేర్లమీద మోజనీ చెప్పాను. "మనల్నడగకుండానే పెట్నాడే" అన్నాడు.

సాయంత్రం బ్రైట్ ఏంజిల్ ట్రెయిల్ మొదట్లో ఉన్న చిన్న సొరంగం దాకా దిగి, ఆయనే "చాలు పా" అంటే వెనక్కొచ్చాం. అరుగు మీద కూర్చుని ఆయనకి నా కథ చెప్పాను. పాట్‌లక్కు కథే. నాయన "వావ్" అనలేదు. కాసేపాగి అడిగాడు.

"బండి తాళం ఎవురి దగ్గరుండె?"

నా జేబులో. ఎనిమిది గంటలు, ప్లాటో పాయింట్ దాకా వెళ్లి, నా జేబులోనే తిరిగొచ్చింది. వాడి సూట్‌కేసు, ఫోన్ చార్జరు, నిద్రపోవడానికి సీటు, అన్నీ ఆ బండిలోనే. ఏడేళ్లలో ఈ విషయం నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. మర్చిపోయానంటే నమ్ముతారా? నేనే నమ్మలేకపోతున్నాను.

"ఆ పిల్లోడు ఎంతసేపు కూచున్యాడు?"

తెలీదన్నాను. ఎప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి గదిలో వాడికి మెసేజ్ పెట్టాను. ఆ అరుగు ఫొటో, కింద ఒక్క ప్రశ్న: ఆ రోజు నేనొచ్చేదాకా ఏం చేశావు? ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"నీ చేగోడీలు ఉడత ఎత్తుకుపోయింది. మూడుసార్లు మళ్లీ కిందికి దిగి చూశా నీ కోసం. మూడోసారి రేంజర్‌కి చెప్దామనుకుంటుంటే వచ్చావు. ఇప్పుడేంట్రా ఇది?"

పట్టేసిన మోకాలితో, మూడుసార్లు. నాయన కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివాడు. "ఫోన్ చెయ్. మెసేజీలేంటికి?" అన్నాడు. అప్పటికి వాళ్ల దగ్గర రాత్రి పదకొండు దాటింది. చేశాను.