బొట్టు లేని నుదురు

కాలేజీలో చేరిన మొదటి వారం. స్టాఫ్‌రూంలో ఒక సీనియర్ మేడమ్ "బొట్టు మర్చిపోయినట్టున్నవ్" అంటూ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్టిక్కర్ల ప్యాకెట్ తీసింది. మంచి మనసుతోనే.

"మర్చిపోలేదు మేడమ్. మేం క్రిస్టియన్లం, పెట్టుకోం" అన్నాను.

అప్పటికి ఊరుకుంది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మెల్లగా అడిగింది: "అంతకుముందు మీరు ఏమిట్లోళ్లు?"

"మాదిగోళ్లం" అన్నాను. అప్పుడుగానీ ఆమెకు జవాబు పూర్తి కాలేదు.

మాది మోర్తాడ్. అమ్మ బీడీలు చేసి నన్ను పీహెచ్‌డీ దాకా చదివించింది. మా ముత్తాతకు కుష్టు వస్తే ఊరు ముట్టుకోలేదనీ, డిచ్‌పల్లి ఆసుపత్రిలో ముట్టుకొని మందు వేశారనీ నాయనమ్మ చెప్పేది. స్కాట్లండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. మా ఇంటి విశ్వాసం అక్కడ మొదలైంది. దాన్ని దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

కానీ దాచుకోకపోతే కట్టాల్సిన ధర ఉంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా, హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారంటుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటిచ్చారు. మనకివ్వలేదు. క్రైస్తవంలోకి వచ్చిన దళితులు ఇక్కడ బీసీ-సీ. వాటా ఒక్క శాతం. నేను ఆ సర్టిఫికెటే తీసుకున్నాను. రెండు నోటిఫికేషన్లు పోగొట్టుకొని మూడోసారి ఉద్యోగం తెచ్చుకున్నాను. కాగితం మీద కులం మారింది. కిరాయి ఇంటికి పోతే మాత్రం ఓనర్ నన్ను బీసీగా చూడలేదు. 'ఏమిట్లోళ్లు' అని అడిగాడు, ఇల్లు ఇవ్వనన్నాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవాళ్లకు అట్రాసిటీ చట్టం వర్తించదంది. అవమానం మాత్రం పాత కులం పేరు మీదే జరుగుతుంది.

విశ్వాసంతో బతకడమంటే క్లాసులో ప్రార్థన చేయించడమని నేననుకోను. పోతన పద్యం చెప్పాల్సిన రోజు మనసు పెట్టి పోతన పద్యమే చెప్తాను. 'గబ్బిలం' చెప్పే రోజు మాత్రం ఒక మాట కలుపుతాను: 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న జాషువా, తన అరుంధతీ సుతుడి మొరను కాశీలో ఉన్న శివుడికి పంపించాడు. మతం ఏదైనా కులం వెంట వస్తుందని నేను ఆ కావ్యంలో చదువుకున్నాను.

మొన్న ఆ క్లాసు అయ్యాక ఒక అమ్మాయి ఆగింది. ఆదివారం చర్చిలో కనబడే పిల్లే.

"మేడమ్, ఎస్సీ సర్టిఫికెట్‌కు ఇంటికొచ్చి ఎంక్వైరీ చేస్తరట. అమ్మ బొట్టు పెట్టుకొమ్మంటుంది. పెట్టుకోవాల్నా?"

నేను వెంటనే మాట్లాడలేకపోయాను. 'పెట్టుకో' అంటే అబద్ధం నేర్పినట్టు. 'వద్దు' అంటే, ఉద్యోగంలో కూర్చున్న నేను ఆ పిల్ల చదువును పణంగా పెట్టినట్టు. ఉన్నదున్నట్టు చెప్పాను. పుదుచ్చేరిలో గుమస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒక మహిళ కేసు చెప్పాను. చర్చికి పోతూ రిజర్వేషన్ కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు వచ్చింది 2024 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు. బీసీ-సీ తీసుకుంటే ఏం పోతుందో కూడా లెక్క చెప్పాను.

"మీరైతే ఏం చేస్తరు మేడమ్?"

"నేను చేసింది నీకు తెలుసు. కానీ నువ్వు కూడా అట్లనే చెయ్యాలని అనను బిడ్డా. ఈ ప్రశ్న నిన్ను అడగొద్దు, మూడో పేరా రాసినోళ్లను అడగాలె."

మిత్రులారా, మనోళ్లలో బొట్టు పెట్టుకొని చర్చికి వచ్చేవాళ్లను పిరికివాళ్లనకండి. బొట్టు లేని నన్ను వీరురాలిననీ అనకండి. పదిహేడేళ్ల పిల్ల దేవుడో చదువో తేల్చుకోవాల్సిన పరిస్థితి తెచ్చిన ఆ పేరా పోవాలి. ప్రతి ఆగస్టు 10న మనం రోడ్డెక్కేది అందుకే.

మరునాడు ఆ అమ్మాయి క్లాసుకు వచ్చింది. నేను ఆమె నుదురు వైపు చూడలేదు. పేరు పిలిచాను, హాజరు వేశాను.

జై భీమ్.