పది రూపాయల రాగి

లారీ బాడీల మీద రాసుకురమ్మని సంపాదకుడు పంపించాడు. విజయవాడ జవహర్ ఆటోనగర్ అంటే ఎవరికైనా ముందు తట్టేవి అవే. చెక్క, రేకు, రంగులు, తలుపు మీద నెమలి. తీరా బందరు రోడ్డు మీంచి లోపలికి తిరిగాక, నన్ను వెనక ఎక్కించుకున్న మా బావమరిది తన మోటారు సైకిలు ముందు బ్రేకు దగ్గర ఆయిల్ చెమ్మగా కనిపిస్తోందని ఒక షెడ్డు ముందు ఆపాడు. నేను ఆ షెడ్డులోనే ఉండిపోయాను. లారీ బాడీల గురించి రాసేవాళ్ళకి కొదవ లేదు.

షెడ్డు మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. అందరూ బాబాయ్ అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన బండిని చూడలేదు, కాలిపర్ మీద రంగుని చూశాడు. అక్కడ పెయింటు పొక్కులు లేచి, గోటితో గీకితే ఊడి వస్తోంది. "ఇంజను ఆయిల్ అయితే జిడ్డు అంటుకుంటది. బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తది" అన్నాడు. కుర్రాడు బోల్టు విప్పాడు. బాబాయ్ చెయ్యి చాచింది బోల్టు కోసం కాదు, దాంతోపాటు ఊడివచ్చిన రెండు రాగి వాషర్ల కోసం.

ఆ జాయింటు సంగతి కొంచెం చెప్పాలి. బ్రేకు హోస్ పైపు చివర ఒక ఉంగరం ఉంటుంది. దాంట్లోంచి బోలుగా ఉండే బాంజో బోల్టు కాలిపర్‌లోకి దిగుతుంది. ఆయిల్ ఉంగరంలోకి వచ్చి, బోల్టు పక్క బెజ్జంలోంచి లోపలికి పోతుంది. ఉంగరానికి పైన ఒక రాగి వాషర్, కింద ఒకటి. అక్కడ రబ్బరు సీలు లేదు, గమ్ లేదు. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఆ పైపులో ఒత్తిడి కారు టైరులో ఉండే గాలికి ముప్ఫై రెట్లయినా ఉంటుంది. దాన్నంతా ఆపాల్సింది మిల్లీమీటరు మందం ఉన్న ఆ రెండు బిళ్ళలే. బోల్టు బిగించేకొద్దీ రాగి నలగాలి, నలిగి ఎదుటి లోహం మీదున్న సన్నటి గీతల్లోకి దిగాలి. నలగని రాగి ఆయిల్‌ని ఆపదు.

బాబాయ్ మొదటి వాషర్‌ని వెలుతురుకి పెట్టి తిప్పాడు. దాని ముఖం మీద సన్నటి మెరుపు చార చుట్టూతా తెగకుండా ఉంది. రెండోదాని మీద ఆ చార ముప్పావు వంతు తిరిగి ఆగిపోయింది. ఆగినచోట రాగి వేసినప్పటి రంగులోనే ఉంది, ఒత్తిడే పడలేదన్నమాట. గోడకి వేలాడుతున్న పాత స్పీకరు అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్ళాడు. టక్కున అంటుకుంది. రాగికి అయస్కాంతం అంటుకోదు. ఆకురాయి మీద అంచుని రెండుసార్లు గీసేసరికి లోపల తెల్లగా ఇనుము బయటపడింది.

"ఇది ఎవడేశాడు?" అన్నాడు కుర్రాడి వైపు చూసి.

వేసింది వేరే షెడ్డు. మా బావమరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది ఆ వేసినవాడి మీద కాదు. అతను కౌంటరులో అడిగాడు, డబ్బాలోంచి తీసిచ్చారు, వేశాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. టైరు ఏ వారంలో తయారైందో అంకెల్లో అచ్చు వేసి ఉంటుంది. హెల్మెట్ మీద ఐఎస్ఐ ముద్ర లేకపోతే అమ్మకూడదు. ఈ బిళ్ళ మీద మాత్రం ఏమీ ఉండదు, ఉండే చోటూ లేదు. జర్మనీ వాళ్ళ డిన్ 7603 ప్రమాణంలో ఇలాంటి సీలింగు వాషర్ల కొలతలు, లోహాలు ఉన్నాయి. పక్క సందులో ఉన్న దుకాణంలో ఆ నంబరు అడిగి చూశాను. "సైజు చెప్పండి సార్" అన్నాడు కౌంటరు కుర్రాడు. అతని తప్పేం లేదు, అక్కడ అందరూ అడిగేది సైజే. లోపల 10, బయట 14, మందం 1. ఆ మూడు అంకెలూ ఇనుప బిళ్ళకైనా సరిపోతాయి, ఇత్తడి బిళ్ళకైనా సరిపోతాయి.

ఆ దుకాణం నుంచి ఒక పొట్లం తెచ్చాను. బాబాయ్ గుప్పెడు వాషర్లు బల్ల మీద పోసి ఒక్కొక్కటీ నాపరాయి మీద జారవిడిచాడు. కొన్ని ఖంగుమన్నాయి, కొన్ని టప్పుమని ఊరుకున్నాయి. మోగినవాటిని పక్కకి నెట్టాడు. అవి రాగే, అయస్కాంతం అంటుకోలేదు. కాని రేకుని సాగదీసి, డైతో కొట్టి తీశాక అలాగే వదిలేసిన రాగి. సుత్తి దెబ్బకైనా రోలర్ కిందైనా రాగి గట్టిపడుతుంది. మళ్ళీ కాల్చితే తప్ప మెత్తబడదు. ఆ కాల్చడం ఖర్చు మిగుల్చుకున్నారెవరో.

తర్వాత ఆయన వేలి కొసతో అంచులు తడిమాడు. పంచ్ దిగినవైపు నున్నగా, రెండోవైపు సన్నటి పళ్ళలాగా గరుకు. ఆ గరుకు సీటు మీద గీత పెడితే ఇక ఏ వాషర్ వేసినా ఆ గీతలోంచి ఆయిల్ చెమ్మ వస్తూనే ఉంటుంది. బెజ్జం బోల్టుకి బిగుతుగా సరిపోతోందా, వదులుగా ఊగుతోందా అని కూడా చూశాడు. వదులుదైతే ఒక పక్కకి జరిగి కూర్చుని, సగం ముఖమే పని చేస్తుంది. ఇదంతా ఆయన మాట్లాడకుండానే చేశాడు. పొట్లంలో సగానికి పైగా పక్కకి వెళ్ళిపోయాయి.

మోగిన రాగిని పారేయలేదు. ఇనప తీగకి గుచ్చాడు. గ్యాసు మంట వెలిగించి, ఎండలోంచి షెడ్డు లోపలి మూలకి వెళ్ళాడు. ఎందుకని అడిగితే, "ఎండలో ఎరుపు కనపడదు. కనపడేసరికి కాలి పాడైపోతది" అన్నాడు. దండలోని బిళ్ళలు నల్లబడ్డాయి, వాటి మీద నెమలికంఠం రంగు ఒకటి పారి పోయింది, ఆ తర్వాత చీకట్లోనే తెలిసేంత మసక ఎరుపు. అక్కడ ఆపి బకెట్లో ముంచాడు. ఉక్కుని ఇలా ముంచితే గట్టిపడుతుంది. రాగికి ఆ బాధ లేదు. నీళ్ళలో పడేసరికి నల్ల పెచ్చు చాలామటుకు రాలిపోయింది, మిగిలినదాన్ని చింతపండు నీళ్ళలో వేశాడు. తీసి, మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ మంట దగ్గర చూపించి తడి లేకుండా ఆరబెట్టాడు. బ్రేక్ ఆయిల్ నీటిని పీల్చుకునే రకం. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది. ఘాట్ రోడ్డులో దిగుతున్నప్పుడు లోపల ఆవిరి పుడితే లివరు మెత్తగా చేతికి వచ్చేస్తుంది. అందుకని ఒక్క చుక్క విషయంలో కూడా ఆయనకి పట్టింపు. చివర్న గాజు పలక మీద ఉప్పు కాగితం పరిచి, ఒక్కో బిళ్ళని మూడు వేళ్ళతో అదిమి సున్నా చుట్టినట్టు తిప్పాడు. వేళ్ళు కదిలిన జాడే లేదు. బిళ్ళ మాత్రం గులాబీ రంగుకి తిరిగింది.

"ఇది మోటారు ఫీల్డులో నేర్చుకున్నది కాదు బాబూ" అన్నాడు. వాళ్ళది తణుకు దగ్గర అజ్జరం వైపు. ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు. వాళ్ళ నాన్న బిందెలు కొట్టేవాడట. బిందె కడుపు సాగే కొద్దీ లోహం గట్టిపడుతుంది, ఇక ఒక్క దెబ్బ ఎక్కువ పడితే చీలుతుందనగా కొలిమిలో పెట్టి మెత్తబరుస్తారు, మళ్ళీ కొడతారు. ఏ ఎరుపు దగ్గర ఆపాలో ఆ కొలిమి పక్కన కూర్చుని చూసిన కళ్ళు ఇవి. స్టీలు బిందెలొచ్చి ఆ పని తగ్గాక ఇటు వచ్చాడు. కంచర పని తెలిసిన చెయ్యి బ్రేకు పనిలోకి వచ్చి పడటం యాదృచ్ఛికం. ఈయన తర్వాత ఈ షెడ్డుకి ఆ చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది? ఐటీఐలో మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్ళు. పాత వాషర్ తీసి కొత్తది వేయాలని అక్కడ చదువుకున్న కుర్రాడికీ తెలుసు. ఆ కొత్తది పనికొస్తుందో లేదో చేత్తో చూసి చెప్పడం పరీక్షలో మార్కులొచ్చే విషయం కాదు.

పని విలువ కట్టేచోట కూడా ఇదే తంతు. వాటరు వాషుకి బిల్లులో ఒక వరస ఉంటుంది, చైను స్ప్రేకి ఒక వరస. వాషర్లు 'ఇతర సామాను'లో కలిసిపోతాయి. ఉన్నవే మళ్ళీ వేసినా ఎవరికీ తెలియదు. ఒకసారి నలిగిన రాగిని కాల్చి మళ్ళీ వాడొచ్చు కాని మందం తగ్గుతూ వస్తుంది, బోల్టు కొన బెజ్జం అడుగుకి తగిలి వాషర్ మీద పట్టు పడకుండానే బిగిసిపోయినట్టు అనిపిస్తుంది. అప్పుడు పానాకి గొట్టం తొడిగి లాగుతారు. బోలు బోల్టు, పక్కన బెజ్జం ఉన్న చోటే పుటుక్కున తెగుతుంది. చాలా మోటారు సైకిళ్ళకి దీన్ని 20 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య బిగించమని మాన్యువల్‌లో ఉంటుంది. అది ఒక చేత్తో పట్టిన మామూలు పానాకి పెద్ద బలమేం కాదు.

ఒక విషయంలో బాబాయ్‌తో నాకు కుదరలేదు. అల్యూమినియం వాషర్లంటే ఆయనకి గిట్టదు, 'వెండి కాగితాలు' అంటాడు. కంపెనీలే చాలా బండ్లకి అవి వేసి పంపుతున్నాయి. మెత్తగానే ఉంటాయి, ఒక్కసారి వాడి పారేసేవి, కాలిపర్ కూడా అల్యూమినియమే కాబట్టి జాతి కలుస్తుంది. కాల్చి మళ్ళీ వాడటానికి వీల్లేదన్నదే ఆయన అసలు కోపం అనుకుంటాను. ఎర్రబడకుండానే కరిగిపోయే లోహాన్ని ఆ కళ్ళు ఏం చేసుకుంటాయి?

పైగా ఈ జాయింట్లు పెరుగుతున్నాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన కొత్త బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకుముందు ముందు చక్రానికి పైన మాస్టర్ సిలిండర్ దగ్గర రెండు వాషర్లు, కింద కాలిపర్ దగ్గర రెండు. మధ్యలో ఏబీఎస్ పెట్టె వచ్చాక చాలా బండ్లలో దాని దగ్గర ఇంకో నాలుగు. అంత ఖరీదైన పెట్టెకి అటూ ఇటూ ఉన్నది డబ్బాలోంచి సైజు చూసి ఇచ్చిన బిళ్ళలే.

మా బావమరిది బండికి కాల్చినవి వేయలేదు. పొట్లంలో టప్పుమన్నవాటిలోంచి రెండు ఏరి వేసి, గాలి తీసి, లివరు కాసేపు గట్టిగా పట్టి ఉంచమన్నాడు. చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూశాడు. ఆయిల్ అంటలేదు.

ఈలోపు ఇంకో బండి వచ్చింది, అదే రోగం. ఈసారి ఎవరూ చెప్పకుండానే కుర్రాడు వాషర్లు తీసుకెళ్ళి స్పీకరు అయస్కాంతానికి చూపించాడు. రెండూ అంటుకున్నాయి. బాబాయ్ లెక్క చెప్పాడు. వాషర్లు, కొత్త ఆయిల్, గాలి తీసే కూలి.

"పది రూపాయల బిళ్ళకి ఇంత కథేంటి బాబాయ్? టేపు చుట్టి బిగించెయ్."

"టేపు నీళ్ళ కుళాయికి చుట్టుకో. నా షెడ్డులో బ్రేకుకి చుట్టను."

ఆ బండి తెచ్చిన అబ్బాయి ఇంకేం మాట్లాడలేదు. ఊడదీసినవన్నీ సంచిలో వేయించుకుని, బండిని చేత్తో తోసుకుంటూ నాలుగు షెడ్ల అవతలికి తీసుకెళ్ళాడు. అక్కడ అరగంటలో పని అయిపోయింది.