పసుపూ, సున్నమూ, నాపరాయీ

ప్రయోగశాల అనగానే గాజుకుప్పెలూ, ఆమ్లాల ఘాటూ మనసులో మెదలుతాయి. నరసరావుపేట మొదలు మాచర్ల వరకు ఏ యింట చూచినా అంతకు తీసిపోని సామగ్రి ఉన్నది: పసుపు, తాంబూలపు సున్నం, నిమ్మపండు, పెరటిలో ఎర్రమందారం. గడప ముందరి నాపరాయి సరేసరి. శ్రీనాథునిదిగా ప్రచారంలో ఉన్న ఒక చాటువు పల్నాటి నాపరాళ్ళను పరిహసిస్తుంది. ఆ మహాకవి వాటిపై నాలుగు నిమ్మరసపు చుక్కలు వేసి ఉంటే ఏమనేవాడో!

వేసవి సెలవులలో ఎనిమిదేండ్ల మా మనుమరాలు ఆ పనే చేసింది. నాపరాతిని మేకుతో గీకి, రాలిన పొడిపై నిమ్మరసం పిండగా సన్నని నురుగు పొంగింది. రుబ్బురోటిపై పిండితే ఏ అలికిడీ లేదు. "తాతయ్యా, ఇదొక్కటే ఎందుకు పొంగింది?" అన్నది. నాపరాయిలో ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేటు. ఆమ్లం తగిలితే దాని నుండి కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. పిడుగురాళ్ళ బట్టీలలో సున్నపురాతిని కాల్చినప్పుడు పోయేదీ ఆ వాయువే, మిగిలేది పొడిసున్నం. నీళ్ళు పోస్తే అది సలసల కాగుతుంది. పిల్లలు దాని దరికి పోరాదు. కంట పడితే చూపే పోవచ్చు.

ఇంటి ప్రయోగానికి తాంబూలపు సున్నం చాలు. దానిని నీటిలో కలిపి, రాత్రంతా తేరనిచ్చి, పైతేటను పెద్దలే గ్లాసులోనికి వంపాలి. గొట్టంతో మెల్లగా ఊదితే ఆ నీరు పాలవలె తెల్లబడుతుంది. పీల్చరాదు సుమా! మన ఊపిరిలోని వాయువు సున్నాన్ని మరల రాయిగా మారుస్తున్నదన్నమాట. వెల్లవేసిన గోడ గట్టిపడడంలోని రహస్యమూ అదే.

ఆ పిల్లకు జ్వరం తగ్గిననాడు ఎనభై దాటిన మా అమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. పసుపునీటిలో సున్నం కలపగానే ఎరుపెక్కడం చూచి, పిల్ల అందులో నిమ్మరసం పిండింది. ఎరుపు విరిగి పసుపు తేలింది. పసుపులోని కర్కుమిన్ స్వభావమది. క్షారంలో ఎరుపు, ఆమ్లంలో పసుపు. "అయితే దిష్టి వల్ల ఎర్రబడలేదా తాతమ్మా?" అని అడిగింది. అమ్మ నొచ్చుకుంటుందేమోనని నేను జంకాను. "సున్నం వల్లనేనే తల్లీ, కలిపింది నేనే కదా! నీకు తిప్పింది నా మనసు కుదుటపడడానికి" అన్నది.

అందరి ఎరుపూ అంత నిరపాయకరం కాదు. చాలాకాలం క్రితం మా బంధువుల యింట ఒక మంత్రగాడు నిమ్మకాయ కోసి, కారిన ఎర్రని రసాన్ని రక్తమని నమ్మించి, చేతబడి నింద కొత్తకోడలిపై మోపి, సొమ్ముతో వెళ్ళిపోయాడు. కత్తికి ముందుగా మందారపు రేకులు రుద్ది ఆరబెడితే చాలు, నిమ్మరసం తగిలి ఎర్రగా కారుతుంది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఇటువంటి కనికట్టులను ఊరూరా విప్పి చూపారు. మా మనుమరాలు రేకులు రుద్దింది, నేను కాయ కోశాను. పళ్ళెంలో పడుతున్న ఎర్రని చుక్కలను అమ్మ చాలాసేపు చూచింది.

"ఆ పిల్లను ఏడాదిపాటు పుట్టింట వదిలేశారురా" అన్నది.