చెరువు ఒడ్డున విస్తరి

వరంగల్‌లో నది లేదు. గోదావరిని చూడాలంటే ములుగు అడవి దాటి ఏటూరునాగారం దాకా పోవాలి. కాబట్టి ఇక్కడ నీళ్ల ఒడ్డున భోంచేయడమంటే కాకతీయుల కాలపు చెరువు ఒడ్డున భోంచేయడమే. పాకాల, రామప్ప, లక్నవరం, ఏదైనా సరే.

లక్నవరం వరంగల్ నుంచి 70 కిలోమీటర్ల పైచిలుకు. గుట్టల మధ్య సందులకు చిన్న చిన్న కట్టలు అడ్డం వేసి నీళ్లు నిలిపారు. చెరువు నిండితే లోపలి గుట్టల తలలే దీవులు. వేలాడే వంతెన మీద నడిచి దీవికి చేరితే పర్యాటక సంస్థ కాటేజీలు, రెస్టారెంటు ఉంటాయి. పంటపొలాల కోసం కట్టిన చెరువు ఇప్పుడు హైదరాబాదు వాళ్ల వారాంతపు విడిది కూడా.

ఇలాంటి చోట భోజనశాల కట్టాలన్నా ఇప్పుడు అందరికీ లాడ్జి తరహాయే గుర్తొస్తోంది. దుంగల గోడలు, ఏటవాలు కప్పు. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో 1904లో తెరిచిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ ఆ తరహాకు పేరుమోసింది. దాని నడిమి హాల్లో పెద్ద రాతి పొయ్యి ఉంది. అక్కడ మంచు పడుతుంది మరి! మే నెలలో 40 డిగ్రీలు దాటే మన దగ్గర కావలసింది గాలి, నీడ.

ఆ రెండూ ఇచ్చే నమూనా దగ్గర్లోనే, పాలంపేటలో ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి (1213) రంగమండపానికి నిలువెత్తు గోడలు లేవు. చుట్టూ పొట్టి గోడ, దాన్ని ఆనుకుని కూర్చునే అరుగు, పైన ముందుకు చొచ్చుకొచ్చిన చూరు. ఆ చూరు కిందే నల్లరాతి మదనికలు అనే స్త్రీ శిల్పాలు, భారం మోస్తున్నట్టు వాలుగా నిలబడి ఉంటాయి. శిల్పాన్ని కట్టడంలో భాగం చేయడమంటే అదీ. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక చూసేవాళ్లు పెరిగారు. చూసి కట్టేవాళ్లు ఇంకా రావాలి.

పనివాళ్లు లేరా అంటే, ఉన్నారు. పెంబర్తి ఇత్తడి రేకు పని పూర్వం గుడి రథాలకు, తలుపులకు తొడుగు. భోజనశాల తలుపుకూ అంతే నప్పుతుంది. నేల మీద పరచడానికి వరంగల్ కొత్తవాడ జంపఖానాలున్నాయి, వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేర్యాల నకాషీ పటం చింతగింజల అంబలి, సుద్ద పూసిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంతో గీసేది. కులపురాణం చెప్పేవాళ్లు ఒక్కో ఘట్టమే విప్పుతూ కథ నడిపేవాళ్లు. దాన్ని చతురస్రంగా కత్తిరించి అద్దాల ఫ్రేములో బిగిస్తే నాకు కోపమొస్తుంది. హాలు పొడుగునా ఒకే కథ సాగనివ్వొచ్చు కదా.

వెళ్లేవాళ్లు వానలు పడి చెరువు నిండాక వెళ్లండి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర జరిగే రోజుల్లో మాత్రం వద్దు. ములుగు దారంతా బండ్లే, జాతర దేవతలైన తల్లుల దగ్గరికి పోయే జనమే.