నొప్పి గోలీ మింగే ముందు ఒక్క మాట

కంది కోతలప్పుడు నడుం పట్టేస్తే మనమేం చేస్తాం? నవాబుపేటల మెడికల్ షాపుకు పోయి రెండు నొప్పి గోలీలు తెచ్చి మింగుతాం. పోయినేడు నేనూ గట్లనే చేసిన.

బొడ్డు పైన నొప్పి లేచి వీపు దాకా పాకింది. వాంతులు. నడుం నొప్పే అనుకుని రెండు రోజులు డైక్లోఫెనాక్ మింగిన. మూడో రోజు హైదరాబాద్ తీసుకపోతే పిత్తాశయంల రాళ్లున్నయి, క్లోమం వాచిందన్నరు. క్రియాటినిన్ కూడా పెరిగింది. సెలైన్లు ఎక్కించినంక దిగింది.

"గోలీతోనే క్లోమం వాచిందా సార్?" అని అడిగిన. కాదన్నరు. ఎండోస్కోపీతో పిత్తనాళంల రాయి తీసేటప్పుడు క్లోమం వాయకుండా ఇదే డైక్లోఫెనాక్‌నో, ఇండోమెథాసిన్‌నో మలద్వారంల పెడతరట. కానీ అది డాక్టర్ల ముందర, ఒక్క మోతాదే. వాంతులతో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మనంతట మనం మింగితే కిడ్నీలకు రక్తం అందదు. కడుపులో పుండు లేచి రక్తం కారొచ్చు. నొప్పి కొంత తగ్గితే అసలు రోగం తెలిసేసరికి ఆలస్యమైతది.

ఇప్పుడు నాకు నొప్పొస్తే పారాసిటమాలే, అదీ సారు రాసిన లెక్క దాటకుండా. తాగే అలవాటున్నోళ్లు దాన్ని కూడా అడిగే వాడాలె, ఎక్కువైతే లివర్ పాడైతది.

పురుగుమందు డబ్బా మీద మందు పేరు చూసే కొంటం కదా! గోలీల పట్టీ మీద కూడా చూడండి. కంపెనీ పేరు ఏదున్నా కింద డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అని ఉంటే అన్నీ ఒక్క జాతివే. బొడ్డు పైన నొప్పి వీపుకు పాకి వాంతులైతే గోలీ వెతకకండి, దవాఖానకు పొండి.